తెల్లరాళ్లకు ఇవతల

ఆ పొద్దున ఆకాశం వానొచ్చేటట్టు కనిపించింది గానీ అది కురిసే వాలకం కాదు. దక్షిణాన ముక్త్యాల మీదుగా మబ్బులు వరసగా లేస్తున్నాయి. జగ్గయ్యపేట మీదికొచ్చేసరికి పలచబడి, సిమెంటు ఫ్యాక్టరీ పొగలో కలిసి, ఏది మబ్బో ఏది పొగో తెలియకుండా పోతున్నాయి. శ్రావణం సగం గడిచింది. పత్తి చేలన్నీ తలొంచుకుని ఉన్నాయి.

సుబ్బరాయుడు వాకిట్లో నిలబడి తలెత్తి చూశాడు. వత్సవాయి దగ్గర పుట్టి పెరిగిన మనిషి. ఒకప్పుడు ఆకాశం చూస్తే చేను గుర్తొచ్చేది. ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట ఫోర్‌మన్ అయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఈ రెండేళ్లుగా మాత్రం గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకోవటానికే తలెత్తుతున్నాడు.

"ఉషా, లెగమ్మా. గాలి లేదు" అన్నాడు లోపలికి వినపడేటట్టు.

"ఇవాళ టెస్టుంది నాన్నా" గదిలోంచి నిద్రగొంతు వచ్చింది.

"కాలేజీ బస్సు టైముకి ఇంటికొచ్చేద్దాం. లెగు."

వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడయింది. పుష్పవతి ఇత్తడి తవ్వతో బియ్యం ముంచి, పైన గోపురంగా లేచిన గింజల్ని అరచేత్తో చదును చేసి గిన్నెలో పోసింది. తవ్వలో ఇమిడే సోల కూడా ఆ డబ్బాలోనే ఉంటుంది. అది తవ్వలో సగం.

"పిల్లని ఓ పూటన్నా పొణుకోనియ్యరు గదా! సంతకి గొర్రెలు తోలేవాళ్లు కూడా ఇంత పొద్దున్నే లెగరు" అంది.

"పోటీలు నెల్లో పడ్డయ్యే."

"పడితే పడ్డయ్యి. దాని చేతులు చూశారా? కాయలు కాసినయ్యి. రేపు సంబంధానికొచ్చినాళ్లు, మీ పిల్ల చేలో పార పట్టిద్దా అని అడుగుతారు."

"పట్టిద్దని చెప్పు" అన్నాడాయన. ఆయన మాటలు అంతకంటే పొడుగుండవు.

ఉషశ్రీ జడ బిగించుకుంటూ బయటికొచ్చి, గోడకు ఆనించిన సంచీ భుజానికెత్తుకుంది. పాత తోలు సంచీ. అందులో గోల్ఫు ఆడే కర్రలున్నాయి. సంచీ మీద నల్ల సిరాతో రాసిన పేరు ఉషశ్రీది కాదు, నవనీత్‌ది. పెరట్లో పుష్పవతి నిలబడే నిన్నటి చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుకుతోంది. ఇంట్లో ఇడ్లీ వేసినా, ఉప్మా చేసినా ఈ మధ్య ఆమె పొద్దుటి తిండి అదే. ఇష్టం కాబోలనుకున్నాడు సుబ్బరాయుడు.

ఫ్యాక్టరీ వెనక, సున్నపురాయి తవ్వి వదిలేసిన నేలను ఎప్పుడో పెద్దాఫీసర్లు చదును చేయించి గోల్ఫు మైదానం అనిపించుకున్నారు. పచ్చికంటూ లేదు. జెండా పాతిన చోట గడ్డికి బదులు ఇసుకలో పాత ఆయిలు కలిపి నున్నగా పరిచారు. దాన్ని బ్రౌన్ అంటారు. మిగిలిందంతా గట్టి రాతినేల, అక్కడక్కడా తుమ్మ మొక్కలు.

ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు వరప్రసాదరావు గారు అక్కడ ఆడుతుంటే చూసి చూసి సుబ్బరాయుడి కొడుకు నవనీత్ ఆట నేర్చుకున్నాడు. పిల్లాడి చెయ్యి చూసి ఆయన ముచ్చటపడి తన పాత కర్రల సెట్టు ఇచ్చేశాడు. అప్పుడే సుబ్బరాయుడు మైదానంలో తెల్లరాళ్లు పెట్టాడు. కొడుకు ఒక్కో కర్రతో కొడితే బంతి ఎక్కడ పడుతుందో చూసి, అక్కడొక రాయి పెట్టి సున్నం పూశాడు. ఏ కర్రకు ఎంత దూరమో కళ్లకు కట్టినట్టు ఆ రాళ్లు వరసగా ఉండేవి.

నవనీత్‌కు పంతొమ్మిదో ఏట జ్వరం వచ్చింది. పేటలో తగ్గలేదు, నందిగామలో తగ్గలేదు, విజయవాడ తీసుకెళ్లాక అసలే తగ్గలేదు. అది జరిగి రెండేళ్లు దాటింది. తర్వాత సుబ్బరాయుడు ఇంటికి వెల్ల వేయించటం మానేశాడు గానీ ఆ రాళ్లకు సున్నం పూయటం మానలేదు. అన్న సంచీ మోస్తూ వెంట తిరిగిన చెల్లెలు ఒకరోజు తనంతట తానే కర్ర పట్టుకుంది. ఆ రోజు నుంచీ తండ్రీ కూతుళ్లు పొద్దున్నే ఇక్కడికొస్తున్నారు.

ఉషశ్రీ కొట్టింది. బంతి చక్కగా లేచి, తిన్నగా వెళ్లి పడింది.

"రాయికి ముందే" అన్నాడు సుబ్బరాయుడు.

ఇంకొకటి కొట్టింది.

"రాయికి ముందే."

కర్ర మార్చింది. పొట్టి కర్రలతో కొట్టింది. జెండా దగ్గరికి వెళ్లి అక్కడినుంచీ కొట్టింది. ఆ చివరి బంతులు మాత్రం బ్రౌన్ మీద ఆగకుండా అవతలికి దొర్లిపోయాయి. ఆయన దూరాన రాళ్లకేసి చూస్తున్నాడు గనుక అవి గమనించలేదు.

"బంతులు ఏరొద్దు. బస్సు పోద్ది, పద" అన్నాడు. స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "సాయంత్రం కాలేజీ కాడికొస్తా. నందిగామ బస్టాండులో పార్సిలుంది" అన్నాడు.

"ఏం పార్సిలు?"

"నువ్వే చూద్దువుగా" అని చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వాడు.

*

పార్సిలు సంగతి రెండేళ్ల నాటిది.

నవనీత్ పెద్దకర్మ నాడు కార్డుల మీద 'తీరని లోటు' అని అచ్చువేశారు. ప్రెస్సువాడు అడగలేదు, వీళ్లు చెప్పలేదు. అందరికీ వేసే మాటే అది. వచ్చినవాళ్లంతా అదే అన్నారు. "ఆ లోటు తీరేది కాదు సుబ్బరాయుడూ" అని చేతులు పట్టుకున్నారు. వరప్రసాదరావు గారు కూడా వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, గోడ వారగా ఉన్న కర్రల సంచీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మీవాడి సెట్టులో ఒకటే లోటుండేదయ్యా" అన్నాడు చివరికి. "దగ్గరి దెబ్బలకు వాడే పొట్టి కర్రల్లో పిచింగ్ వెడ్జ్ ఒకటి, శాండ్ వెడ్జ్ ఒకటి ఉన్నాయి. కర్ర ముఖం ఎంత వాలితే బంతి అంత దగ్గర పడుతుంది. ఆ రెంటికీ వాలు తేడా ఎక్కువ. ఒకటి కొడితే మరీ దూరం, రెండోది కొడితే మరీ దగ్గర. మధ్యలో పడాల్సిన బంతికి వాడి చేతిలో కర్ర లేదు. యాభై రెండు డిగ్రీల వాలున్న వెడ్జ్ ఒకటి పడితే ఆ లోటు తీరిపోయేది. నన్ను అడుగుతూ ఉండేవాడు."

ఆ మాట సుబ్బరాయుడి లోపల ఎక్కడో పట్టుకుంది. ఊరంతా తీరదని చెబుతున్న రోజున, తీరే లోటు ఒకటుందని చెప్పిన మనిషి ఆయనొక్కడే. కొడుకు తననూ అడిగాడు. తెప్పించేలోపే జ్వరం వచ్చింది.

మొన్న ఉషశ్రీ పేరు హైదరాబాదు పోటీలకు రాయించినప్పుడు వరప్రసాదరావు గారు పిలిచి చెప్పాడు.

"అక్కడ నా స్నేహితుడి దగ్గర నాలుగు రకాల వెడ్జిలున్నాయి సుబ్బరాయుడూ. అమ్మాయికి ఏ వాలు కావాలో అడిగి చెప్పు. పంపించమంటా. సరిపోకపోతే మార్చుకోవచ్చు."

"అడిగేదేముందండి. యాభై రెండే."

"ఒకసారి పిల్లని కూడా..."

"అదేనండి. యాభై రెండే."

*

హైదరాబాదు బస్సులు చిల్లకల్లు మీదుగా హైవే పట్టి పోతాయే గానీ పేటలోకి రావు. అందుకని పార్సిలు నందిగామలో దింపారు. పొడుగాటి అట్టపెట్టె. దాన్ని చంకలో పెట్టుకుని సుబ్బరాయుడు అక్కడే ఉన్న కూతురి కాలేజీ గేటు దగ్గర నిలబడితే, వచ్చే పోయే పిల్లలంతా చూసి నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

తిరుగు బస్సులో తండ్రీ కూతుళ్లకు వెనక సీటు దొరికింది. పక్కన ఒక ముసలామె కూరగాయల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. కాసేపు పెట్టెను కింది నుంచి పై దాకా చూసి ఆగలేకపోయింది.

"ఏందయ్యా అది? పిల్లకి వీణా?"

"కాదమ్మా."

"మరి? చేపల గాలమా?"

"బంతి కొట్టే కర్ర అవ్వా" అంది ఉషశ్రీ నవ్వుతూ.

"అంటే కర్రాబిళ్లా?"

"దగ్గర దగ్గర అట్టాంటిదే."

"ఓసినీ! మేం కర్రాబిళ్ల ఆడితే మా అయ్య వీపు చిట్లగొట్టేవోడు. ఇప్పుడు అయ్యలే పార్సిళ్లు తెప్పిస్తన్నారు. అదృష్టమంటే మీదేనే తల్లీ!" అని ముసలామె గంపలోంచి ఒక దోసకాయ తీసి ఉషశ్రీ ఒళ్లో పెట్టింది. "గెలిస్తే నా పేరు చెప్పుకో. సౌభాగ్యమ్మ."

బస్సు నందిగామ దాటింది. ఉషశ్రీ పెట్టె మీద వేలితో మెల్లగా కొట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఏ వాలు నాన్నా?"

"యాభై రెండు."

ఆమె వేలు ఆగిపోయింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బయట పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. పొద్దున కనిపించిన మబ్బుల ఆనవాలే లేదు.

"ఏమ్మా?"

"ఏం లేదు."

గౌరవరం వచ్చింది, చిల్లకల్లు వచ్చింది. ఆ పిల్ల మళ్లీ మాట్లాడలేదు. టెస్టు సరిగ్గా రాయలేదేమో అనుకున్నాడు సుబ్బరాయుడు.

*

ఇంటికి రాగానే ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి పెట్టె విప్పాడు. వెడ్జ్ తళతళలాడుతోంది. ముఖం వెనక్కి వాలి ఉంది. దాని మీద ఇంటి దూలం నీడ కనపడుతోంది. పుష్పవతి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఉషశ్రీ పుస్తకాలు బల్ల మీద పెట్టి చెయ్యి చాపబోయింది.

సుబ్బరాయుడు వెడ్జ్ ఆమెకివ్వలేదు. దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి, వేలు తడి చేసుకుని, ఆయుధపూజకు పెట్టినట్టు కర్ర ముఖానికి బొట్టు పెట్టాడు. గోడ మీద గంధపు దండ వేసిన నవనీత్ ఫోటో ఉంది. దాని కిందికి తీసుకెళ్లి ఆనించాడు.

"ఇదిగోరా అబ్బాయ్. నువ్వు అడిగింది" అన్నాడు. వెనక్కి తిరిగి, "తీసుకో అమ్మా" అన్నాడు.

ఉషశ్రీ కదల్లేదు.

"నాకొద్దు నాన్నా."

"అదేంది?"

"అది అన్నయ్యకి తెచ్చావు. అన్నయ్యకే ఉండనియ్యి."

"పిచ్చిదానా, ఆడేది నువ్వుగదా. సెట్టులో లోటు అక్కడే ఉందని జీఎం గారే చెప్పె. ఇది పడితే నీ సెట్టు నిండుద్ది."

"ఆ లోటు నాది కాదు నాన్నా, అన్నయ్యది!" అంది ఉషశ్రీ. "అన్నయ్య బలంగా కొట్టేవాడు. పిచింగ్ వెడ్జ్ ఎక్కడో పడేది, శాండ్ వెడ్జ్ బాగా ఇవతల పడేది. మధ్యన బోలెడు ఖాళీ. నేను కొడితే ఆ రెండూ పక్కపక్కనే పడతయ్యి. ఆ మధ్యన నాకింకో కర్ర ఎందుకు? నా ఖాళీ అక్కడ లేదు. ఇంకా కిందుంది. జెండా దగ్గరికొచ్చాక నా చేతిలో ఏం లేదు. మనది రాతినేల. శాండ్ వెడ్జ్ అడుగుభాగం మందంగా ఉండి, నేలకి కొట్టుకుని ఎగిరి బంతి నెత్తిన తగుల్తంది. బంతి అవతలికి పారిపోతంది. దానికన్నా ఎక్కువ వాలుండి, అడుగు పలచగా ఉండే కర్ర కావాలి నాకు."

ఆట గురించి ఆ పిల్ల అన్ని మాటలు మాట్లాడటం సుబ్బరాయుడు ఎప్పుడూ వినలేదు.

"మరి ఇన్నాళ్లూ చెప్పవే?"

"ఇన్నాళ్లూ అడిగావా?"

"ఉషా!" అంది పుష్పవతి.

"లేదమ్మా, నన్ను చెప్పనియ్యి. రెండేళ్ల నుంచీ నాన్న నాతో మాట్లాడే మాట ఒకటే. రాయికి ముందే. రాయికి ముందే. అవి ఎవరి రాళ్లు? నేను చచ్చీ చెడీ కొట్టినా ఆ రాళ్ల దాకా పోను. అన్నయ్య చేతులు నాకెక్కడినుంచొస్తయ్యి? బంతి రాయికి ముందు పడిందని చూశావు గానీ, ఎక్కడ పడిందో ఒక్కసారన్నా చూశావా నాన్నా?"

ఫోటో కింద కర్ర ఉంది, దాని మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. రెండేళ్లుగా కొడుకు కోసం తాను చేయగలిగిన పని అదొక్కటే అనుకుంటూ వచ్చాడు. దాన్నే ఈ పిల్ల వద్దంటోంది. కోపమో దుఃఖమో తెలియలేదు. నోట్లోంచి మాట జారింది.

"వాడే ఉంటే ఈ కర్ర నీ చేతికెందుకొచ్చేదే!"

పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది.

ఉషశ్రీ తండ్రి ముఖంలోకి చూసింది. ఏడవలేదు. "అదే నాన్నా, నేను చెప్పేది కూడా" అని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

సుబ్బరాయుడు అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. పుష్పవతి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో ఇత్తడి తవ్వ ఉంది. బియ్యం కొలవటానికి తీసి అట్లాగే పట్టుకొచ్చింది.

"అనేశారుగా" అంది.

ఆయన అరుగు మీద లేచిన పాత వెల్ల పెచ్చు గోటితో గిల్లాడు.

"మిమ్మల్ని తప్పుపట్టటానికి నేనెవర్ని? నేనూ ఈ పనే చేస్తన్నా." ఆమె తవ్వను అరుగు మీద ఆయన పక్కన పెట్టింది. "ఇది చూడండి. నలుగురం ఉన్నప్పుడు పూటకి తవ్వ పోసేదాన్ని. వాడు మనిద్దరి తిండి ఒక్కడే తినేవాడుగా. వాడు పోయినా తవ్వే పోస్తన్నా. సోల పోస్తే చాలదు. తవ్వ పోస్తే మిగుల్తంది. సోలన్నర పొయ్యాలని నాకు తెలవదా? చెయ్యి రాదు. తవ్వ తీసి పక్కన పెడితే వాడు పోయాడని ఇంట్లో బియ్యానికి కూడా తెలిసిపోద్దని..."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రోజూ మిగిలిందంతా పొద్దున్నే నేను తింటన్నా. చద్దన్నం నాకిష్టమనుకుంటన్నారా మీరు?"

ఆయన అనుకుంటున్నది అదే.

"నాది నా కడుపులోకే పోతంది గాబట్టి ఎవరికీ తగల్లేదు. మీది పోయి ఆ పిల్లకి తగుల్తంది. దానికీ అన్నే గదండీ పోయింది. మన ముందు అది ఒక్కరోజు ఏడ్చిందా? మీరు రాయికేసి చూస్తే బంతి కొట్టింది, నేను వాడి వాటా కూడా అన్నం పెడితే తినలేక తిన్నది. దాన్ని చూసినోళ్లెవరు?"

ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. గిన్నెలో అన్నం చాలా మిగిలిపోయింది.

*

మర్నాడు ఆదివారం. సుబ్బరాయుడు లేచాడు గానీ ఆకాశం వైపు చూడలేదు. కూతుర్ని లేపలేదు. సంచీ ముట్టుకోలేదు. ఒక్కడే స్కూటరేసుకుని మైదానానికి వెళ్లాడు.

నిన్న ఏరకుండా వదిలేసిన బంతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తొలి ఎండ పడి మెరుస్తున్నాయి. రోజూ ఆయన కూతురు కొట్టే చోటే నిలబడి దూరం నుంచి చూసేవాడు. ఈ రోజు నడిచి వాటి దగ్గరికి వెళ్లాడు.

తెల్లరాయికి చాలా ఇవతల, పిచింగ్ వెడ్జ్‌తో కొట్టిన బంతులున్నాయి. చేతిలోంచి కుప్పగా పోసినట్టు అన్నీ ఒక్క చోటే. ఒక్కటి కూడా పక్కకు పోలేదు. వాటికి నాలుగడుగులు ఇవతల శాండ్ వెడ్జ్ బంతులు. అవీ అంతే, కోడి గుడ్లు పెట్టినట్టు ఒక్క చోటున్నాయి. రెండు కుప్పలకూ మధ్య ఇంకో కర్రకు చోటే లేదు. ఆ పిల్ల చెప్పిందే నిజం. బ్రౌన్ దగ్గరికి వెళ్లి చూశాడు. అక్కడ మాత్రం బంతులు చెల్లాచెదరుగా ఉన్నాయి, ఒకటి తుమ్మ మొక్క మొదట్లోకి దూరి ఉంది. ఆ పిల్లకు లోటు ఎక్కడుందో నేల మీద రాసిపెట్టినట్టు కనపడుతోంది. ఎవరూ వివరించక్కర్లేదు.

నవనీత్ బంతులు ఎప్పుడూ ఇంత దగ్గర దగ్గరగా పడేవి కావు. వాడిది బలం. ఈ పిల్లది గురి. రెండేళ్లుగా రోజూ చూస్తూ ఆ సంగతి తనకు తెలియలేదు.

తర్వాత పిచింగ్ వెడ్జ్ రాయి దగ్గరికి వెళ్లి కూర్చుని, రెండు చేతులతో కదిపాడు. కదల్లేదు. నేలలో దిగిపోయింది. చుట్టూ వేళ్లతో తవ్వాడు, గోళ్లలో మట్టి నిండింది. పెకలించేసరికి కింద నేల పాలిపోయి, రాయి అచ్చు అట్లాగే పల్లంగా ఉంది. పూత మీద పూతగా సున్నం పెచ్చులు కట్టి ఉంది. కింది పూత కొడుకు చూసిన పూత.

ఆ రాయి గుండెకు ఆనించుకుని సుబ్బరాయుడు ఏడ్చాడు. విజయవాడ ఆసుపత్రిలో ఏడవలేదు, పెద్దకర్మ నాడు ఏడవలేదు. ఎవరూ లేని రాతినేల మీద కూర్చుని, చొక్కా నిండా సున్నం అంటుకునేదాకా ఏడ్చాడు.

లేచి రాయి మోసుకుంటూ కూతురి బంతుల కుప్ప దగ్గరికి నడిచి, అక్కడ దించాడు. రెండో రాయి కోసం వెనక్కి తిరిగితే, సైకిలు పక్కన పడేసి ఉషశ్రీ నిలబడి ఉంది. భుజాన సంచీ ఉంది. ఎప్పుడొచ్చిందో.

"అమ్మ పంపింది" అంది.

ఆయన తల ఊపాడు. చేతులు తుడుచుకోబోయి, చొక్కా అంతా తెల్లగా ఉండటం చూసుకుని ఊరుకున్నాడు.

"నిన్న నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"ఆ పక్క పట్టు నాన్నా. బరువుంది" అంది ఉషశ్రీ, రెండో రాయి మీదికి వంగి.

ఇద్దరూ కలిసి రాళ్లు మోశారు. ఒక్కొక్కటి ఇవతలికి తెచ్చి, ఆమె బంతులు పడే చోట పెట్టారు. అన్నిటికన్నా దూరాన, తుమ్మల అంచున ఒక రాయి మిగిలింది. నవనీత్ పెద్ద కర్రతో బలమంతా పెట్టి కొడితే పడే చోటు. సుబ్బరాయుడు అటు నడవబోయాడు.

"ఆ ఒక్కటి ఉండనియ్యి నాన్నా" అంది ఉషశ్రీ.

ఆయన ఆగాడు. ఇద్దరూ కాసేపు ఆ రాయి వైపు చూశారు. ఉషశ్రీ పెదాలు బిగించి నిలబడింది గానీ భుజాలు అదురుతున్నాయి. సుబ్బరాయుడు దగ్గరికి జరిగి, సున్నం చేతిని ఆమె నెత్తి మీద పెట్టాడు. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. "అన్నయ్యా" అని ఒక్కసారే అంది.

మబ్బులు మళ్లీ దక్షిణం నుంచి లేస్తున్నాయి. ఆమె ఏడుపు తగ్గేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు.

"ఎంత వాలు కావాలి?" అని అడిగాడు తర్వాత.

ఆమె ముఖం తుడుచుకుని ఆలోచించింది. "అరవై. అడుగు మాత్రం పలచగా ఉండాలి."

"జీఎం గారికి చెప్పి పంపిస్తా. మారుస్తానన్నారు."

"మార్చక్కర్లేదు. అది ఇంట్లో ఉండనియ్యి. ఇంకోటి తెప్పించు."

సుబ్బరాయుడు తల ఊపాడు. "ఒకటి కొట్టు, చూస్తా" అన్నాడు.

ఆమె కొట్టింది. ఆయన ఈసారి రాయికేసి చూడలేదు. బంతి వెంట చూశాడు, అది లేచిన చోటి నుంచి ఆగిన చోటి దాకా. నడిచి వెళ్లి, వంగి, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

*

ఇంటికొచ్చేసరికి పుష్పవతి వంట ముగించింది. ఇద్దరి వాలకం చూసి ఏమీ అడగలేదు. కాళ్లు కడుక్కోమని నీళ్ల బిందె వైపు చూపించింది. నవనీత్ ఫోటో కింద వెడ్జ్ అట్లాగే ఉంది. బొట్టు ఎండిపోయింది.

పెరట్లో తులసి కోట గట్టు మీద ఇత్తడి తవ్వ బోర్లించి ఉంది. చింతపండుతో తోమినట్టుంది, బంగారంలా మెరుస్తోంది. సోల మాత్రం బియ్యం డబ్బా మీద ఉంది. సుబ్బరాయుడు రెండింటినీ చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె చూపు తప్పించి కంచాలు తెచ్చింది.

మూడు కంచాలు. బస్సులో సౌభాగ్యమ్మ ఇచ్చిన దోసకాయతో పప్పు చేసింది. ముగ్గురూ గోడవారగా కూర్చున్నారు. ఇన్నాళ్లూ అందరికీ పెట్టాక వెనక తినే మనిషి, ఇవాళ తన కంచం కూడా పక్కనే పెట్టుకుంది. పప్పు కలుపుకున్నారు. ఆవకాయ అందించుకున్నారు. ఉషశ్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ బాగా తింటోంది.

మజ్జిగకు వచ్చాక పుష్పవతి కూతురికి కాస్త, మొగుడికి కాస్త వడ్డించి, మిగిలింది తన కంచంలోకి తీసుకోబోయింది. వడ్డించే హస్తం అన్నం గిన్నె అడుగుకు తగిలి ఖంగుమంది.

ముగ్గురి చేతులూ ఒక్కసారి ఆగాయి. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ చప్పుడు వినలేదు.

పుష్పవతి గిన్నె అంచున అంటిన మెతుకులు కూడా తీసుకుని, ఖాళీ గిన్నెను పక్కన పెట్టింది. సుబ్బరాయుడు మజ్జిగ చెంబు అందుకుని ఆమె కంచంలో తనే పోశాడు. తర్వాత ముగ్గురూ తలలు వంచుకుని తినటం మొదలుపెట్టారు.